చీపురు చరణం

ప్లూగరెక్,
అక్టోబరు 29.

ప్రియమైన రివాల్ అన్నయ్యకు,

నీ చెల్లెలు అజిలీజ్ రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేనూ, ముసలి కుక్కా, నువ్వు నాటిన ఆపిల్ చెట్లూ క్షేమం. అక్కడ మార్సెయ్‌లో నువ్వూ, నీ కూతురూ, కుట్లు వేసిన నీ గొంతూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. పన్నెండు రోజులూ అది వంటింట్లో ఉప్పు డబ్బా కిందే ఉంది. పొద్దున్నే ఉప్పు తీసుకుంటాను, ఉత్తరం చూస్తాను, మళ్ళీ డబ్బా పెట్టేస్తాను. నాకు తీరిక లేక కాదు. నీ ప్రశ్నలన్నిటికీ జవాబులున్నాయి, ఆఖరిదానికి తప్ప. దానికీ ఉందనుకో, నోరు రావడం లేదంతే.

ముందు సులువైనవి. నా మోకాలు బాగానే ఉంది. వాన వచ్చే ముందు రోజే చెప్పేస్తుంది, రేడియో కన్నా నయం. గాలివానకి పశువుల కొట్టం కప్పు మీద రాతి పలకలు ఏడు లేచిపోయాయి, వేయించాను. ఆపిళ్ళు ఈసారి విరగకాశాయి. రసం తీయించి సీసాలకెత్తాను. క్రిస్మస్‌కల్లా కల్లు పొంగుకొస్తుంది. నీకు రెండు డజన్లు విడిగా పెట్టాను. తాగడానికి నువ్వొస్తావో రావో మరి. "ఆ సంగతి తేలాకే వచ్చేదీ రానిదీ చెప్తాను" అని రాశావు కదా. ఆ వాక్యం కింద గీత కూడా గీశావు. చిన్నప్పుడు బళ్ళో పలక మీద గీసినట్టు, అంత గట్టిగా.

నాతో ఇప్పుడు ఎవరు పాడుతున్నారని అడిగావు. జకేజ్. మన పాత పోస్ట్‌మాన్. ఆయన ముందు పాడతాడు, నేను వంత పాడతాను. నువ్వూ నేనూ పాడినప్పటి లాగే, ఆయన చరణం చివరి మాట ఇంకా నోట్లో ఉండగానే నేను అందుకుంటాను. గొంతు పరవాలేదు. మనిషి సరదా మనిషి. అప్పటికప్పుడు చరణాలు కట్టేస్తాడు. మేయర్ బట్టతల మీద, బేకరీ ఆవిడ కొత్త కారు మీద. మన బ్రెటన్ భాష వచ్చిన ముసలివాళ్ళు నవ్వితే, వాళ్ళని చూసి మిగతా జనమూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. "ఏమమ్మోయ్ అజిలీజ్, మీ అన్న పాడితే పూజలో ఉన్నట్టుండేది, నేను పాడితే పెళ్ళిలో ఉన్నట్టుంటుంది" అంటాడు. నేనూ నవ్వాను. నవ్వకూడదని అప్పుడు తోచలేదు.

ఇక కెర్డ్రెన్ సంగతి. "అంత చెప్పినా ఆ దాణా మిల్లు వాడి వేదికెందుకెక్కావు?" అని అడిగావు. ఎందుకెక్కానో చెప్తాను, సమర్థించుకోను. ఆయన సంఘం వాళ్ళు ఊరి హాల్లో కుళ్ళిపోయిన చెక్క నేల తీయించి కొత్త ఓక్ చెక్క వేయించారు. డాన్స్ చేసేవాళ్ళ కాళ్ళ చప్పుడు దాని మీద ఎంత నిండుగా పలుకుతుందో నువ్వు వినలేదు. మంచి మైకులు పెట్టారు. అకార్డియన్ వాళ్ళూ, సన్నాయి జంటా వాయించారు. అందరూ వెళ్తున్నప్పుడు నేనొక్కదాన్నే మడి కట్టుకుని కూర్చోవాలా అనుకున్నాను.

బూట్ల కొట్టు గొడవ నాకు తెలియదా అంటే తెలుసు. మూతపడిన ఆ కొట్టును టర్కీ కుటుంబాలు శుక్రవారం నమాజుకి అద్దెకు అడిగినప్పుడు ఇంటింటి పోస్టు డబ్బాలోనూ పడిన కాగితం నా డబ్బాలోనూ పడింది. "మన గడ్డ, మన గంట" అని సంఘం పేరు పైన, "ఈ ఊళ్ళో మోగేది చర్చి గంట ఒక్కటే" అని కింద. దాంతో పొయ్యి రాజేశాను. కాల్చేశాను కనక నాకేం సంబంధం లేదనుకున్నాను. చూశావా ఎంత చవకగా బయటపడ్డానో!

రెండేళ్ళ క్రితం బేకరీ ముందు, నీ కారు పక్కన నిలబడి నువ్వన్న మాటలు నాకు పొల్లుపోకుండా గుర్తున్నాయి. "అజిలీజ్, మన పేరు ఎవడి పేరు కింద అచ్చవుతోందో చూసుకోవే. ఒక మతం వాళ్ళని వెళ్ళగొట్టాలనే వాడు పెట్టిన పందిట్లో మనం పాడితే, మన అమ్మ పాట వాడి పాటైపోతుంది" అన్నావు. నేనేమన్నాను? "పాటకి మతమేమిటి? నేను డాన్స్ చేసే కాళ్ళకోసం పాడతాను, కెర్డ్రెన్ కోసం కాదు" అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. అప్పటికే నీ గొంతు జీరబోతోంది, పై స్వరం అందడం లేదు. "గొంతు పోయాక నీతులు పుట్టుకొచ్చాయి నీకు" అన్నాను. నువ్వు కారెక్కావు. నెల తిరక్కుండా కూతురి దగ్గరికి వెళ్ళిపోయావు. అక్కడ డాక్టరు నీ గొంతులో గడ్డ ఉందని చెప్పాడు. నేనన్న ఆ మాటకి నీకు ఇంతవరకూ క్షమాపణ చెప్పలేదు. ఆపరేషన్ రోజున పూలు పంపించి ఊరుకున్నాను. పూలతో పోతుందా, నా మొహం!

ఇప్పుడు గుల్సెన్ గురించి రాయాలి. నువ్వు తనని ఒకటి రెండుసార్లే చూసి ఉంటావు. వృద్ధాశ్రమంలో బట్టలుతికే గదిలో పని చేస్తుంది. అయిదేళ్ళుగా నా మంగళవారం పాటల క్లాసుకి వస్తోంది. మన కుర్రకారు పాటలోని మాటలు చిలకల్లా అప్పచెప్పి పోతారు, అర్థం అడగరు. గుల్సెన్ అడుగుతుంది. నీలి అట్ట నోట్‌బుక్‌లో ఒక పక్క బ్రెటన్ మాట, ఇంకో పక్క టర్కీ మాట, మధ్యలో ఫ్రెంచి. "అజిలీజ్ గారూ, 'కల్లం' అంటే ధాన్యం కొట్టే చోటేనా? మా అమ్మమ్మ ఊళ్ళోనూ కల్లంలోనే డాన్స్ చేసేవాళ్ళు" అనేది. చిటికెన వేళ్ళు కలుపుకుని వలయంగా తిరిగే డాన్స్‌లో తన అడుగు నా అడుగు కన్నా నయం. తలకి పువ్వుల గుడ్డ కట్టుకుని, నవ్వకుండా, లెక్క తప్పకుండా వేస్తుంది.

సెప్టెంబరులో కెర్డ్రెన్ సంఘం పెట్టిన ఆదివారం మధ్యాహ్నపు డాన్స్‌కి ముందు మంగళవారం, క్లాసయ్యాక తను కుర్చీలు సర్దుతూ అడిగింది. "ఆ 'మన గంట' బ్యానర్ కింద నేను డాన్స్ చేయచ్చంటారా?"

"చేయకేం! నేనుండగా నీకేమవుతుందే" అన్నాను.

అన్నాను అన్నయ్యా. ఈ నోటితోనే.

నా పోయిన ఉత్తరంలో ఆ ఆదివారం గురించి నీకు నాలుగే వాక్యాలు రాశాను. జనం బాగా వచ్చారు, నల్ల గోధుమ అట్లు చాల్లేదు, జకేజ్ బాగా పాడాడు, గుల్సెన్ తలనొప్పి వచ్చి మధ్యలో వెళ్ళిపోయింది. మొదటి మూడూ నిజం. నీకెవరో చెప్పారన్నమాట. లేకపోతే నీ ఆఖరి ప్రశ్న అంత సూటిగా ఉండదు. "జకేజ్ ఆ టర్కీ వాళ్ళ మీద చరణం కట్టాడట. నువ్వు వంత పాడావా, లేదా?"

పాడాను.

అక్కడితో ముగిస్తే మళ్ళీ చవకగా బయటపడ్డట్టే. ఎలా పాడానో కూడా విను.

మూడో పాటకి వలయం నిండుగా ఉంది, రెండు వందల మంది దాకా. గుల్సెన్ వేదికకి దగ్గరగా, బేకరీ ఆవిడకీ ఎవరో కాలేజీ పిల్లకీ మధ్యన ఉంది. కెర్డ్రెన్ ముందు వరుస కుర్చీలో, పక్కన వాళ్ళ ముసలి తండ్రి. జకేజ్ వాళ్ళ వైపు కన్ను గీటడం చూశాను. మేయర్ బట్టతల వస్తుందనుకున్నాను. జకేజ్ మొదలుపెట్టాడు.

"వచ్చాయమ్మో వలస కాకులు, బూట్ల కొట్టులో బూట్లు విప్పి."

నోరు దానంతటదే అందుకుంది. నలభై ఏళ్ళ అలవాటు. అమ్మ మనిద్దరికీ నేర్పింది అదే కదా, ముందు పాడేవాడి మాట కింద పడకూడదని, పడితే వలయం తడబడుతుందని. ఏ మాట పాడుతున్నానో పాడాక గాని నా చెవికెక్కలేదు. ఇంతవరకూ నువ్వు క్షమిస్తావేమో.

జకేజ్ రెండోది పాడాడు. "గంట కొడితే ఎగిరిపోవా? చీపురు తెండి, చీపురు తెండి!"

వాడది పాడుతున్నంతసేపూ నాకు వ్యవధి ఉంది. ఎనిమిది అడుగులు. ఎనిమిది అడుగులంటే ఎంతసేపో నీకు చెప్పాలా? నోరు మూసుకోవడానికి ఒక్క అడుగు చాలు. గుల్సెన్ తలగుడ్డ నాకు ఎదురుగా కనిపిస్తోంది. నేను ఆగితే రెండు వందల మంది తడబడతారు, అందరూ తలెత్తి నన్ను చూస్తారు, ముసలిది మాట మరిచిపోయిందంటారు అనుకున్నాను. నాకు అదే తోచింది అన్నయ్యా, నా పరువు. పాడాను. మొదటి చరణం అలవాటు పాడింది, రెండోది నేను పాడాను. పైగా చివర్లో గొంతు విరిచి గమకం వేశాను, నువ్వు మెచ్చుకునే గమకం. కెర్డ్రెన్ చప్పట్లు కొట్టాడు.

గుల్సెన్ రెండు చేతుల చిటికెన వేళ్ళూ విడిపించుకుని వెనక్కి జరిగింది. గొడవేమీ చేయలేదు. బేకరీ ఆవిడా, ఆ కాలేజీ పిల్లా నవ్వుతూనే ఒకరి వేలు ఒకరు అందుకున్నారు. వలయం మూసుకుంది. ఒక్క అడుగు కూడా తప్పలేదు.

వాళ్ళని తిట్టలేను. వాళ్ళకేం తెలుసు? వలయంలో తిరిగేవాళ్ళలో బ్రెటన్ వచ్చినవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు? మన గడ్డ మన గంట అని గొంతు చించుకునే కెర్డ్రెన్‌కే మన భాష రాదు. ఆయన తండ్రి చెవిలో చెప్తే గాని నవ్వలేదు. అదే నాకు ధైర్యమైంది. గుల్సెన్‌కి మాత్రం అర్థమై ఉంటుందా, నిజంగానే తలనొప్పేమో అనుకున్నాను. అనుకుని, అదే నీకు రాసేశాను.

తర్వాతి మంగళవారం తను రాలేదు. ఆ పై వారమూ రాలేదు. మూడో వారం వెన్న కేకు చేసుకుని వృద్ధాశ్రమానికి వెళ్ళాను. గది నిండా ఆవిరి, తడి బట్టల వాసన. గుల్సెన్ పెద్ద దుప్పటి ఒకటి మడతపెట్టబోతోంది. రెండో చివర నా చేతికిచ్చింది. కేకు ఎక్కడ పెట్టాలో తెలియక కుట్టుమిషన్ మీద పెట్టాను.

"తలనొప్పి తగ్గిందా?" అన్నాను. అంతకన్నా సిగ్గుమాలిన మాట ఉంటుందా చెప్పు!

"తలనొప్పా? నాకెప్పుడొచ్చింది?" అంది. దుప్పటి నా వైపు తెచ్చి కొసలు కలిపింది. "మొదటి ఏడాది నవంబరులో ఇంటి సామాన్ల పేర్లు చెప్పారు మీరు. గరిటె, మంచం, చీపురు. నా నోట్‌బుక్‌లో నాలుగో పేజీ."

నేను మడత అంచు సరిచేస్తూ నిలబడ్డాను.

"ఆ హాల్లో అంతమందిలో ఆ పాట అర్థమైంది నలుగురికి" అంది. "ఆ పోస్ట్‌మాన్ గారికి, ఆ పెద్దాయనకి, మీకు, నాకు. మీరు నేర్పబట్టే నాకు."

"పొరపాటున నోట్లోంచి వచ్చేసింది గుల్సెన్. అలవాటు. మా పద్ధతే అంత, ముందువాడు ఏదంటే..."

"తెలుసు, ఆ పద్ధతీ మీరే నేర్పారు. పాడినందుకు కాదండీ." ఇంకో దుప్పటి తీసి విదిలించింది. "బాగా పాడారు. అందుకు."

పన్నెండు దుప్పట్లు మడిచాం. కేకు వద్దనలేదు, తీసుకోనూ లేదు. బయటికొచ్చి బస్సు స్టాపులో కూర్చుని, మూడు బస్సులు పోనిచ్చాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు మొదలుపెట్టాను. కెర్డ్రెన్‌కి ఉత్తరం రాశాను, జనవరి డాన్స్ పోస్టరు మీద నా పేరు తీసేయమని. ఆయనే ఫోన్ చేశాడు. తేనె పూసిన గొంతు. "ఏమిటి మేడమ్ ఇది, పాటకి మతమేమిటి? మీ మాటే కదా, మేం పోస్టరు మీద వేయించుకుందాం అనుకున్నాం కూడా" అన్నాడు. మన బేకరీ ముందు మాట వాడి దాకా ఎలా పాకిందో! నాకు చెంప మీద కొట్టినట్టయింది. "ఆ మాట నాదే, తప్పు మాట. అచ్చేస్తే హాల్లోకి వచ్చి చించేస్తాను" అన్నాను. ఆ మాత్రం నోరు ఆ ఆదివారం ఏమైందో.

పాడే, వాయించే మిగతావాళ్ళ ఇళ్ళకీ వెళ్ళాను. ఆ వేదిక ఎక్కకండి, మన పాటతో వాళ్ళు గోడ కట్టుకుంటున్నారు అని చెప్పాను. అకార్డియన్ ఆయన తలుపు సగమే తెరిచి, "నువ్వు మొన్నేగా పాడావు, ఇప్పుడు మాకు చెప్పొచ్చావా?" అన్నాడు. ఏమంటాను, నిజమే. "పాడాను కనకే చెప్తున్నా. ఆ రుచి నీకొద్దు" అన్నాను. తలుపేసుకున్నాడు. సన్నాయి జంట మాత్రం కాఫీ ఇచ్చి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, జనవరికి రామని వాళ్ళకి చెప్పేస్తామన్నారు. జకేజ్ సరేసరి. "సరదాకి అన్నదానికి ఇంత రాద్ధాంతమా! నీ గమకం వినే కదా నేను జనవరికి ఇంకో చరణం కట్టి ఉంచింది" అన్నాడు. ఆ మాట నిజమైతే ఎలా అన్నయ్యా? నిజమే అయి ఉంటుంది. వాడితో మళ్ళీ పాడనని చెప్పి వచ్చేశాను.

మొన్న ఆదివారం బడి పిల్లల కోసం డాన్స్ జరిగింది, అదే హాల్లో. నన్ను ఒక్క పాటకి పిలిచారు, జంట లేకపోయినా. మైకు ముందు నిలబడి ఫ్రెంచిలో చెప్పాను. "సెప్టెంబరులో ఇక్కడ మీరు డాన్స్ చేసిన మూడో పాట గుర్తుందా? దానిలో ఏముందో మీకు తెలియదు. నాకు తెలుసు" అని, ఆ రెండు చరణాలూ మాటకి మాట ఫ్రెంచిలో చెప్పాను. కాకులు, బూట్లు, గంట, చీపురు, అన్నీ. ఎవరు కట్టారో చెప్పలేదు. ఎవరు వంత పాడారో చెప్పాను.

బేకరీ ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, నేను నవ్వుతూనే ఉన్నానే! ఆ పిల్ల వేలు నా చేతిలోంచే జారింది" అంది, పక్కావిడతో కాదు, తనలో తనే. వెనకనుంచి ఎవడో, "మరి ఇప్పుడు చెప్పి ఏం లాభం ముసలమ్మా? దిగు!" అని అరిచాడు. వాడన్నదీ న్యాయంగానే ఉంది. దిగాను.

దిగుతుంటే అమ్మ గుర్తొచ్చింది. నీకూ గుర్తుండే ఉంటుంది, నూర్పిళ్ళనాడు మన కల్లంలో. ముందు పాడుతున్న మేనమామ, పాత గుడ్డలు కొనేవాళ్ళ పిల్ల మీద చరణం కట్టాడు. ఆ పిల్ల వలయంలోనే ఉంది. అమ్మ అందుకోలేదు. నోరు మూసుకుని నిలబడింది. వలయమంతా ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. తొమ్మిదేళ్ళ నాకు మోకాలు చెక్కుకుపోయింది, ఏడుస్తూ అమ్మ మీదకి వెళ్ళాను. "మాట కింద పడేశావు! నువ్వే పడకూడదంటావుగా!" అన్నాను. అమ్మ నా మోకాలికి ఉమ్మి రాస్తూ, "పడనీవే. ఎలాగూ ఊడ్చేది నేనేగా" అంది. ఇప్పుడు వాన వస్తోందని చెప్పే మోకాలు అదే. యాభై ఎనిమిదేళ్ళుగా ఆ మచ్చని ఒంటి మీద మోస్తూ, ఎనిమిది అడుగుల సేపు గుర్తు చేసుకోలేకపోయాను.

గుల్సెన్ ఆదివారం హాల్లో లేదు. జరిగింది తన చెవిన పడే ఉంటుంది, ఊరు చిన్నది. నిన్న మంగళవారం కూడా రాలేదు. తన కుర్చీ వేసే ఉంచుతున్నాను, రమ్మని అడగను. నేనుండగా నీకేమవుతుందే అనే అర్హత నాకు పోయింది. తనంతట తను వస్తే వస్తుంది, లేకపోతే లేదు. నేను నేర్పిన భాషలో ఆమెకి అందిన మొదటి తిట్టు నా గొంతులోంచి వెళ్ళింది. దాన్ని నేను వెనక్కి తీసుకోలేను.

నిజం రాశాను. ఇప్పుడు నువ్వొస్తావో రావో నీ ఇష్టం. రాకపోయినా నీ సీసాలు నీకే ఉంటాయి. మెల్లిగా పాడుకోవచ్చని డాక్టరు చెప్పాడని రాశావు కదా, వస్తే వంటింట్లో కూర్చుని పాడదాం. గుసగుసగానైనా సరే, నువ్వే ముందు పాడు. నేను వంత అందుకుంటాను, ఇదివరకటిలాగే. కానీ ఒక్క సంగతి ముందే చెప్తున్నాను. నీ నోట తప్పు మాట వచ్చిందా, అన్నవని చూడను. కింద పడనిస్తాను.

ఇట్లు,
ఇకమీద విన్నాకే పాడే నీ చెల్లెలు,
అజిలీజ్